క్షమాపణ రాసిస్తేనే నాన్నకు ప్రార్థనట!

ప్రశ్న:

మాది చెన్నై, పెరంబూరు. తాతల ఊరు ఒంగోలు పక్కన. నాన్న లోకో వర్క్స్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఇక్కడి ఒక తెలుగు బాప్టిస్టు సంఘంలో మొదటినుంచీ సభ్యుడు, కొంతకాలం కోశాధికారి కూడా. కొత్త మందిరం కోసం వసూలు చేసిన డబ్బుకు లెక్క చూపమని మీటింగులో లేచి అడిగారు. అప్పటినుంచి కమిటీకీ ఆయనకూ చెడింది. "సంఘంలో చీలిక తెస్తున్నాడు" అని సభ్యత్వం నుంచి పేరు కొట్టేశారు. పోయినేడాది నాన్న చనిపోతే పెట్టెను చర్చిలోకి తేనివ్వలేదు. పాస్టరుగారు ఇంటికైనా రాలేదు. వేరే సంఘం నుంచి ఒక పెద్దాయన వచ్చి వాకిట్లో ప్రార్థన చేసి, కాశిమేడులో భూస్థాపన చేయించారు.

అప్పటినుంచి నాకు చర్చి అంటే మనసు విరిగిపోయింది. దేవుడు లేడని అనను. ఉన్నాడని పాడబోతే గొంతు పెగలదు. కానీ ఒక సంగతి నాకు అంతుపట్టడం లేదు. ఆ రోజు పెద్దాయన చదువుతున్న మాటల్లో ఒక్కటీ నా చెవికెక్కలేదు. అయినా పిడికెడు మట్టి తీసి వేసినప్పుడు, ఈ పని చేయకుండా ఇంటికి వెళ్లలేను అనిపించింది.

వచ్చే నెల ఏడాది జ్ఞాపకార్థ కూడిక. చర్చిలోనే జరగాలని అమ్మ పట్టుదల. "కుటుంబం తరఫున క్షమాపణ రాసివ్వండి, చూద్దాం" అన్నాడు సెక్రటరీ. అమ్మ సంతకానికి సిద్ధం, నేను వద్దంటున్నాను. మా అమ్మాయికి పదిహేనేళ్లు. ఈస్టరుకు స్నేహితులతో కలిసి బాప్తిస్మం తీసుకుంటానంటోంది, అదే పాస్టరు చేతుల మీదుగా. నాకూ ఇచ్చింది ఆయనే. ఇప్పుడు నాదైనా చెల్లుతుందా అని అనుమానం. ప్రతి నెలా మొదటి ఆదివారం అమ్మను తీసుకెళ్లి పక్కన కూర్చుంటాను. ప్రభు భోజనపు రొట్టె పళ్లెం నా దగ్గరికొచ్చేసరికి చెయ్యి వణుకుతుంది. తీసుకుంటే అయోగ్యంగా తిన్న పాపం, తీసుకోకపోతే అందరి కళ్లూ నా మీదే. "నమ్మకం పోయాక ఈ తంతులెందుకు, వదిలెయ్" అంటారు మా ఆయన. ఇవన్నీ వట్టి తంతులేనా?

— ఒక పాఠకురాలు

జవాబు:

ముందు ఆ క్షమాపణ పత్రం. మీరు సంతకం పెట్టకండి. లెక్క అడగడం తప్పని మీ నాన్నగారు బతికుండగా ఒప్పుకోలేదు. ఆయన పోయాక ఆయన తరఫున ఒప్పుకోవడానికి మీరెవరు, నేనెవరు? పైగా ఆ కాగితం కమిటీ ఫైల్లో భద్రంగా ఉంటుంది. ఇంకెవరైనా లేచి లెక్క అడిగిన రోజున బయటికి తీస్తారు, "ఆ కుటుంబమే తప్పని రాసిచ్చింది కదా" అని. అలా అది మీ ఇంటి గడప దాటి మరొకరి నోరు నొక్కడానికి పనికొస్తుంది.

అమ్మగారి సంతకం సంగతి వేరు. ఇన్నేళ్లు కలిసి బతికిన మనిషి పేరు, తామిద్దరూ కూర్చున్న బెంచీల ముందు, ఒక్కసారి మైకులో గౌరవంగా వినబడాలని ఆమె కోరిక. కాగితంలో ఏం రాశారన్నది ఆమెకు పట్టదు. దాని మీద ఆమెతో పోట్లాడకండి. ఒక్కటి మాత్రం నెమ్మదిగా అడగండి: కూడికలో పాస్టరుగారు లేచి నాన్నగారి గురించి ఏం మాట్లాడతారు? "తప్పు తెలుసుకుని తిరిగివచ్చిన కుటుంబం" అని ఒక్క ముక్క మైకులో అంటే, అందరి మధ్యా కూర్చుని అది వినగలదా? ఈ మాట దగ్గర ఆమె ఆగుతుందనుకుంటాను. ఆగకపోతే ఆమె సంతకం ఆమె ఇష్టం. "కుటుంబం తరఫున" అన్న మాట కొట్టేసి తన పేరొక్కటే రాయమనండి.

ఇంతకీ వాళ్లు మీ దగ్గర ఆపిపెట్టింది ఏమిటి? కతోలికుల నమ్మకం ప్రకారం చనిపోయినవారి కోసం పూజ చేయిస్తే ఆ ఆత్మకు మేలు కలుగుతుంది. నవంబరు 2న వాళ్లు సమాధుల దగ్గర పూజలు చేయించేది అందుకే. ఈ ఉత్తరం ఒక కతోలిక స్త్రీ రాసి ఉంటే నా జవాబు మరోలా ఉండేది. బాప్టిస్టుల బోధ అది కాదు. మనిషి కన్నుమూశాక బతికున్నవాళ్లు చేసే ఏ ప్రార్థనా అతని గతిని వెంట్రుకవాసి కూడా మార్చదని వాళ్లు మొదటినుంచీ చెబుతున్నారు. భూస్థాపన ఆరాధనైనా, ఆదరణ కూడికైనా, ఏడాది జ్ఞాపకమైనా మిగిలినవాళ్ల ఓదార్పు కోసమే. ఆ లెక్కన పెట్టె చర్చి గడప దాటకపోవడం వల్ల నాన్నగారికి వచ్చిన నష్టం, వాళ్ల సిద్ధాంతం ప్రకారమే, సున్నా. ఆయనను శిక్షిస్తున్నామనుకున్నారు గానీ దెబ్బ తగిలింది మీకూ అమ్మగారికీ. ఆదరించడం కోసమే పెట్టుకున్న ఒక ఆచారాన్ని తీసుకుని ఏడుస్తున్నవాళ్ల మీద ప్రయోగించారు. మీ మనసు విరిగిందంటే అందులో ఆశ్చర్యం ఏముంది? విరగకపోతే కదా ఆశ్చర్యం.

కాబట్టి విశ్వాసం పోయిందని మిమ్మల్ని మీరు నిందించుకోవడం కొంచెం ఆపండి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. దేవుడి మీద ఫిర్యాదు అందులో ఒక్క వాక్యం. మిగతాదంతా కమిటీ, సెక్రటరీ, పాస్టరు. ఈ ముగ్గురినీ దాటుకుని దేవుడి దగ్గరికి వెళ్లవలసి రావడం వల్ల దారి మూసుకుపోయినట్టుంది. ఆ దారి మళ్లీ తెరుచుకుంటుందా అన్నది నేను చెప్పలేను. తెరుచుకోవాలని ఒత్తిడి చేయడం కూడా నాకిష్టం లేదు.

మీ ఆయన మాటకు వద్దాం. ఆయన మీ మీద ప్రేమతోనే అన్నారని తెలుస్తూనే ఉంది. కానీ నమ్మకం పోతే క్రతువు కూడా దానంతటదే రాలిపోతుందన్న లెక్క మనుషుల విషయంలో ఎప్పుడూ కుదరలేదు. మన గోరా గారినే చూడండి. విజయవాడలో నాస్తిక కేంద్రం నడిపిన మనిషి. పెద్దమ్మాయి మనోరమను దళితుడైన అర్జునరావుకిచ్చి పెళ్లి చేయాలనుకున్నప్పుడు, సేవాగ్రామ్‌లో తానే జరిపిస్తానని గాంధీ అన్నారు. పెళ్లి ప్రమాణంలో దేవుడి పేరు బదులు సత్యం పేరు పెట్టడానికి కూడా ఒప్పుకున్నారు. అది జరగకముందే, 1948 జనవరిలో, ఆయన హత్య అయింది. ఆ మార్చిలో సేవాగ్రామ్‌లోనే పెళ్లి జరిగింది. దేవుణ్ణి ఒప్పుకోని ఇంట్లో కూడా, నలుగురి ముందు నిలబడి ఒక మాట అనడం అనే పని మానలేదు చూశారా. మీరుంటున్న ఊళ్లో అయితే ఇది ఇంకా మామూలు. పెరియార్ పురోహితుణ్ణి తీసేశారు, మంత్రాలు తీసేశారు, హోమం తీసేశారు. దండలు మిగిలాయి, సాక్షులు మిగిలారు, ఉపన్యాసాలైతే మంత్రాల కంటే పొడుగు. ఆ స్వాభిమాన వివాహాలను 1967లో అన్నాదురై ప్రభుత్వం హిందూ వివాహ చట్టానికి సవరణ తెచ్చి చెల్లుబాటు చేసింది. ఒకరినొకరు భార్యాభర్తలుగా స్వీకరిస్తున్నామని నోటితో చెప్పడం, దండ మార్చుకోవడం, ఉంగరం తొడగడం, తాళి కట్టడం, వీటిలో ఏదైనా ఒక్కటి ఉండాలని ఆ చట్టంలోనే రాశారు. ఏదో ఒకటి నోటితో అనకపోతే, చేత్తో చేయకపోతే జరిగినట్టు అనిపించదని ఆ హేతువాదులకు కూడా తెలుసు.

మీరు వేసిన పిడికెడు మట్టి అలాంటిదే. అక్కడ ఎవరూ మిమ్మల్ని "నమ్ముతున్నావా?" అని అడగలేదు. మీ నాన్నను మీ చేతులతో మట్టిలో పెట్టడం కూతురిగా మీ పని, మీరు చేశారు. చదివిన మాటలు చెవికెక్కకపోయినా ఆ పని పూర్తయింది. దాన్ని విశ్వాసానికి రుజువని ఒక పాస్టరు అనవచ్చు, వట్టి మనస్తత్వమని మీ ఆయన అనవచ్చు. ఇద్దరి మాటా నమ్మాల్సిన అవసరం లేదు. మీకు అనిపించింది అనిపించినట్టే ఉంచుకోండి. దానికి పేరు పెట్టే తొందర ఎందుకు?

అలాగని అన్ని క్రతువులూ ఇలాంటివే, కళ్లు మూసుకుని అన్నీ చేసేయండి అని నేను చెప్పడం లేదు. మట్టి వేయడం, సమాధికి సున్నం కొట్టించడం, పువ్వులు పెట్టడం, నలుగురికి భోజనం పెట్టడం, పక్కన నిలబడి ఉండటం, వీటిలో మీ నోటి నుంచి ఏ ఒప్పుకోలూ రాదు. బాప్తిస్మపు ప్రశ్నలు, విశ్వాస ప్రమాణం, పసిబిడ్డకు బాప్తిస్మమిచ్చే సంఘాల్లో తల్లిదండ్రులు ఇచ్చే మాట, వీటిలో మీరు "అవును, నమ్ముతున్నాను" అనాలి. మనసులో లేని అవును అనకండి. దేవుడు ఉన్నా లేకపోయినా అది అబద్ధమే. మొదటి రకం పనులు మాత్రం సంకోచం లేకుండా చేయండి, వాటికోసం ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు. మీకు కలుగుతున్న గందరగోళంలో సగం, ఈ రెండింటినీ ఒకే మూటలో కట్టడం వల్ల వచ్చింది.

పాటలు ఈ రెండింటికీ మధ్యన ఎక్కడో ఉంటాయి. కీర్తనలో ప్రతి మాటా ప్రమాణమే అనుకుంటే పల్లవి దగ్గరే ఆగిపోతాం. పురుషోత్తమ చౌధరి కీర్తన ఒకటి మీ అమ్మగారు ఎత్తుకుంటే మీరు గొంతు కలపడం ఆమెకు తోడు రావడమే. పెగలనప్పుడు ఊరుకోండి. పాటలో అందరూ అన్ని చరణాలూ పాడరు, ఎవరూ పట్టించుకోరు కూడా.

ఇప్పుడు పాస్టరు చెయ్యి. ఈ అనుమానం మీకు కొత్తగా వచ్చింది కాదు, పదిహేడు వందల ఏళ్ల నాటిది. క్రీ.శ. 303లో రోమా చక్రవర్తి డయోక్లీషియన్ క్రైస్తవుల గ్రంథాలన్నీ అప్పగించాలి, తగలబెట్టాలి అని ఆజ్ఞ ఇచ్చాడు. ఉత్తర ఆఫ్రికాలో కొందరు బిషప్పులు ప్రాణభయంతో పుస్తకాలు తెచ్చి అధికారుల చేతిలో పెట్టారు. హింస చల్లారాక తగాదా మొదలైంది. గ్రంథాన్ని అప్పగించినవాడు అభిషేకించిన బిషప్పు బిషప్పేనా? అతనిచ్చే బాప్తిస్మం చెల్లుతుందా? చెల్లదన్నవాళ్లు వేరే సంఘమే పెట్టుకున్నారు. డొనాటస్ అనే నాయకుడి పేరు మీద వాళ్లను డొనాటిస్టులంటారు. నూరేళ్లు దాటినా తెగలేదు. 411లో కార్తేజ్‌లో రెండు పక్షాల బిషప్పులనూ వందలమందిని ఎదురెదురుగా కూర్చోబెట్టి చక్రవర్తి ప్రతినిధి విచారణ జరపాల్సి వచ్చింది. అందులో బిషప్పు అగస్టీన్ వాదన నిలిచింది. బాప్తిస్మం ఇచ్చేవాడి సొత్తు కాదు, క్రీస్తుది. పేతురు ఇచ్చినా క్రీస్తే ఇచ్చినట్టు, యూదా ఇచ్చినా క్రీస్తే ఇచ్చినట్టు అన్నాడాయన. అలా చెప్పకపోతే ప్రతి విశ్వాసీ తనకు బాప్తిస్మమిచ్చినవాడి రహస్య జీవితం మీద జీవితాంతం నిఘా పెట్టుకోవాలి. అది జరిగే పనేనా?

ఈ వాదన మీకు ఊరట. అయితే దీన్ని చెడ్డ కాపరులు గొడుగులా వాడుకోవడం నేను చాలాసార్లు చూశాను. "నా సంగతి మీకెందుకు, నేనిచ్చే రొట్టె మంచిదేగా" అంటారు. అందుకే రెండో సగం కూడా చెప్పాలి. ఇంగ్లండు చర్చి 1571లో ఖరారు చేసిన 39 సూత్రాల్లో 26వది అచ్చంగా ఇదే సంగతి. సేవకుడి దుర్మార్గం బాప్తిస్మం, ప్రభు భోజనం వంటి సంస్కారాల ఫలితాన్ని చెరపదు అని మొదలవుతుంది. అక్కడితో ఆగదు. అలాంటి సేవకుల మీద విచారణ జరగాలి, నేరం రుజువైతే పదవి నుంచి తీసేయాలి అని ముగుస్తుంది. మొదటి సగం ప్రసంగాల్లో వినబడుతుంది, రెండో సగం వినబడదు. మీ నాన్నగారు మీటింగులో లేచి చేసింది రెండో సగం పనే.

మీరు బాప్టిస్టులు కాబట్టి ఈ 39 సూత్రాలు మీకు వర్తించవు, నిజమే. మీ సిద్ధాంతంలో పాస్టరు చేతికి ఇంకా తక్కువ విలువ. బాప్తిస్మం అంటే నీళ్లలో దిగే మనిషి తన నోటితో చేసే ఒప్పుకోలు, ముంచే చెయ్యి దానికి సాయం మాత్రమే. మీ తాతల ఊరు ఒంగోలు పక్కన అన్నారు కదా, గుండ్లకమ్మ కథ మీ ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు చెప్పే ఉంటారు. 1876-78 నాటి ధాత కరువు రోజులు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు కరువు జనానికి కూలి దొరకాలని బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకున్నారు. ఇప్పుడు బేసిన్ బ్రిడ్జి దగ్గర మీరు ముక్కు మూసుకుని దాటే కాలువ అదే. కరువు నడిచినన్నాళ్లూ ఆయన బాప్తిస్మాలు ఆపేశారు, గంజి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని. కరువు సడలాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో నిలబడి, అలసిపోతే మారుతూ, పొద్దంతా ఇచ్చారు. అందులో ఎక్కువమంది మాదిగలు, ఊరి బావి దగ్గరికి రానివ్వని జనం. తమను ముంచింది ఆ ఆరుగురిలో ఎవరో, ఆయన ఎలాంటివాడో వాళ్లలో ఎంతమంది ఆరా తీసి ఉంటారు? నలుగురూ చూస్తుండగా ఏటిలోకి దిగి, తల ఎత్తుకుని పైకి వచ్చామన్నది వాళ్లకు ముఖ్యం. మీ బాప్తిస్మం గురించి మీకున్న అనుమానాన్ని ఇక్కడితో వదిలేయండి. ఆ రోజు మీరు అన్న మాట మీరు మనస్ఫూర్తిగా అన్నదైతే అది మీదే. తర్వాత ఆ పాస్టరు ఏమైపోయాడన్నది దానికి అంటదు.

ఇక మీ అమ్మాయి. నాకు అన్నింటికంటే ఇదే కష్టంగా ఉంది. ఎందుకంటే మీ పోరాటం న్యాయమైనదే, అది ఆ పిల్ల బాప్తిస్మంలోకి రాకుండా ఆపడం మాత్రం మీ చేతిలోనే ఉంది. పదిహేనేళ్ల పిల్లకు తాతయ్య పెట్టె వాకిట్లోనే ఉండిపోయిన సంగతి తెలియకుండా ఉండదు. తెలిసీ అక్కడే తీసుకుంటానంటోంది అంటే, స్నేహితుల కోసం కావచ్చు, తెల్ల బట్టల ఫోటో కోసం కావచ్చు, నిజంగా నమ్మి కావచ్చు, మూడూ కలిపి కావచ్చు. ఆ వయసులో మూడూ కలిసే ఉంటాయి, అందులో తప్పు లేదు. ఒక సాయంత్రం కూర్చోబెట్టుకుని జరిగిందంతా చెప్పండి. ఎవరినీ తిట్టకుండా, ఏదీ దాచకుండా, లెక్కల గొడవతో సహా. "నువ్వు తీసుకుంటే తాతయ్యకు ద్రోహం" అని మాత్రం అనకండి, కళ్లతో కూడా అనకండి. తర్వాత నిర్ణయం తననే చేసుకోనివ్వండి. ఒక ఏడాది ఆగుతానన్నా నష్టం లేదు, బాప్టిస్టులకు ఆ తొందర లేదు. వేరే సంఘంలో తీసుకుంటానన్నా అడ్డు లేదు. 1947 సెప్టెంబరు 27న మీ చెన్నైలోని సెయింట్ జార్జ్ కథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం, అదే సీఎస్ఐ, ఏర్పడినప్పుడు మన తెలుగు బాప్టిస్టులు అందులో కలవలేదు. మా పైన బిషప్పు వద్దు, ఏ సంఘానికి ఆ సంఘమే పెద్ద అన్నారు. దాని చెడు మీరు అనుభవించారు, కమిటీ మీద ఫిర్యాదు చేయడానికి పైన ఎవరూ లేరు. దాని మంచి కూడా వాడుకోండి. కాశిమేడుకు వచ్చిన ఆ పెద్దాయన మీ అమ్మాయికి బాప్తిస్మం ఇవ్వడానికి మీ సెక్రటరీ సంతకం అక్కర్లేదు.

ఇవన్నీ విన్నాక కూడా అదే పాస్టరు దగ్గర, అదే తొట్టిలో అంటే, ఒప్పుకోండి. ఒడ్డున తుండు పట్టుకుని నిలబడండి. ప్రశ్నలు తననే అడుగుతారు, మిమ్మల్ని కాదు.

రొట్టె పళ్లెం గురించి మీరు భయపడుతున్న ఆ వాక్యం కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక పదకొండో అధ్యాయంలోది. పైనున్న పది వచనాలతో కలిపి చదవండి. అక్కడ సందేహించేవాళ్ల ఊసే లేదు. ఆ సంఘంలో కొందరు ఇంకొకరి కోసం ఆగకుండా తమ భోజనం తాము తినేస్తున్నారు. ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు తాగి ఉన్నాడు. మీరు దేవుని సంఘాన్ని తృణీకరించి పేదలను సిగ్గుపరుస్తారా అని పౌలు మండిపడతాడు. ఆ కోపంలోంచి వచ్చిన మాట అది. తోటి మనిషిని బల్ల దగ్గర అవమానించినవాళ్ల గురించి. ఈ సంగతి తెలిశాక సెక్రటరీ వైపు చూడాలనిపిస్తుంది, నాకూ అనిపించింది. అయినా ఆ ఆనందం ఎక్కువసేపు పెట్టుకోకండి. పౌలు ఎవరిని వారే పరీక్షించుకోమన్నాడు, పక్కవాణ్ణి కాదు.

మరి తీసుకోవాలా వద్దా? కొన్నాళ్లు తీసుకోకండి అంటాను. పాపమని కాదు. బలిపీఠం దగ్గర నీ సహోదరుడికి నీ మీద ఏదో ఉందని గుర్తొస్తే కానుక అక్కడే విడిచిపెట్టి ముందు వెళ్లి సమాధానపడమని యేసు కొండమీద చెప్పాడు. మీ మధ్య పెద్ద విషయమే ఉంది, అది తేలలేదు. పళ్లెం వచ్చినప్పుడు రెండు చేతులతో అందుకుని మర్యాదగా పక్కనున్న అమ్మగారికి అందించండి. చూసేవాళ్లు చూస్తారు. రెండు నెలలు చూసి మానేస్తారు, జనానికి అంతకంటే ఓపిక ఉండదు. ఏ రోజైనా చెయ్యి వణకకుండా తీసుకోవాలనిపిస్తే ఆ రోజు తీసుకోండి, నన్ను కూడా అడగొద్దు.

ఏడాది కూడిక మీరే చేయండి. దానికి మందిరం అక్కర్లేదు, అభిషేకం పొందిన మనిషి కూడా అక్కర్లేదు. విశ్వాసులందరూ యాజకులే అన్నది ప్రొటెస్టెంటుల పునాది మాట, లూథర్ 1520 నుంచీ చెప్పింది. పొద్దున్నే కాశిమేడు వెళ్లండి. వారం ముందే సమాధి శుభ్రం చేయించి పెట్టుకోండి. అమ్మగారినే కీర్తన ఎత్తమనండి, అమ్మాయితో తొంభయ్యో కీర్తన చదివించండి, ఆ పెద్దాయన వస్తే ప్రార్థన ఆయన చేస్తారు. నాన్నగారితో లోకో వర్క్స్‌లో పనిచేసినవాళ్లు ఒకరిద్దరిని మాట్లాడమనండి, తమిళంలో మాట్లాడినా సరే. తర్వాత ఇంటి దగ్గర భోజనాలు. దీనికి మాత్రం చెయ్యి పట్టేయకండి.

పిలవడం దగ్గర ఒక మాట. చర్చివాళ్లందరినీ పిలవండి. కమిటీలో ఉన్నది ఏడెనిమిదిమంది. నాన్నగారు పోయిన రాత్రి మీ ఇంటికి కాఫీ ఫ్లాస్కులూ ఇడ్లీ క్యారియర్లూ తెచ్చినవాళ్లు ఆ సంఘంవాళ్లే అయి ఉంటారు. వాళ్లు కమిటీకి ఎదురుచెప్పలేకపోయారు, అది వేరే సంగతి. ఇప్పుడు ఇంటికి పిలిస్తే చాలామంది వస్తారు, కొందరు సిగ్గుపడుతూ వస్తారు. పాస్టరుగారికి కూడా ఒక కార్డు పంపండి. రారనుకోండి, పోనీ. వస్తే కుర్చీ వేయండి, మైకు ఇవ్వకండి.

నిజానికి మీరు పోగొట్టుకున్నది ఈ మనుషులనేమో అని నాకు అనుమానం. క్రతువు ఒంటరిగా చేసుకునేది కాదు, అందులో ఇంకొకరు ఉండాలి, పాటకు గొంతులు కావాలి, పెట్టె మోయడానికి భుజాలు కావాలి. అందుకే చర్చి మీద మనసు విరిగినప్పుడు క్రతువులన్నీ బోలుగా కనబడతాయి. వేరే సంఘానికి వెళ్లినా అక్కడా కమిటీ ఉంటుంది, అక్కడా లెక్కలుంటాయి. ఆ భ్రమ పెట్టుకోకుండా వెళ్లండి, వెళ్లాలనుకుంటే.

లెక్కల సంగతి మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. మీ సంఘం తమిళనాడు సొసైటీల చట్టం 1975 కింద రిజిస్టరై ఉంటే ఏటా సర్వసభ్య సమావేశం పెట్టాలి, ఆడిట్ అయిన లెక్కలు అందులో చూపాలి, రిజిస్ట్రారుకు కూడా దాఖలు చేయాలి. ట్రస్టుగా ఉంటే పద్ధతి వేరు. ముందు ఏదో కనుక్కోండి. అమ్మగారి పేరు ఇంకా సభ్యుల జాబితాలో ఉందేమో చూడండి, ఉంటే అడిగే హక్కు ఆమెకుంది. కూడిక అయ్యేదాకా ఈ పని మొదలుపెట్టకండి, రెండూ కలిస్తే రెండూ చెడతాయి. నాన్నగారు కోశాధికారిగా ఉన్నప్పటి రసీదు పుస్తకాలూ, ఆయన కమిటీకి రాసిన ఉత్తరాల నకళ్లూ బీరువాలో ఎక్కడైనా ఉంటే, ఇల్లు సర్దే హడావిడిలో పాత పేపర్లవాడికి వేసేయకండి.